చికెన్, బీరు, 20 ఓటములు: తప్పంతా మేనేజర్‌దేనా?

2011 సెప్టెంబర్ 28 రాత్రి. బాల్టిమోర్‌లో వాన వెలిసి బేస్‌బాల్ ఆట మళ్లీ మొదలైంది. బోస్టన్ రెడ్ సాక్స్ 3-2తో ముందుంది. తొమ్మిదోది, అంటే ఆఖరి ఇన్నింగ్స్, బాల్టిమోర్ బ్యాటింగ్. బోస్టన్ పిచ్చర్ (బంతి విసిరేవాడు) జోనథన్ పాపెల్‌బన్ మొదటి ఇద్దరినీ స్ట్రైకౌట్ (బ్యాటర్ కొట్టలేకపోయిన మూడు బంతులతో అవుట్) చేసి పంపించాడు. మూడు అవుట్లకి ఇన్నింగ్స్ అయిపోతుంది, ఇంకొక్కటి చాలు. ఆ ఏడాది ఎనిమిది ఇన్నింగ్స్ అయ్యేసరికి ముందంజలో ఉన్న 77 మ్యాచ్‌ల్లో బోస్టన్ ఒక్కటీ ఓడలేదు. మూడోవాడు క్రిస్ డేవిస్ డబుల్ కొట్టాడు, అంటే ఒక్క దెబ్బతో రెండో బేస్ చేరాడు. తర్వాత వచ్చిన నోలన్ రైమోల్డ్‌కి రెండు స్ట్రైకులు పడ్డాయి, మూడోది పడితే అవుట్, అందరూ ఇంటికే. అతనూ డబుల్ కొట్టాడు, స్కోరు సమం. ఆ వెంటనే రాబర్ట్ ఆండీనో ఎడమ పక్కకి తక్కువ ఎత్తులో బంతి లేపాడు. ఏడేళ్లకి 14 కోట్ల 20 లక్షల డాలర్లు ఒప్పుకుని అంతకు ముందు చలికాలంలోనే తెచ్చుకున్న కార్ల్ క్రాఫర్డ్ పరిగెత్తుకొచ్చి, కిందికి జారుతూ గ్లవ్ చాపాడు. బంతి అందులో నిలవలేదు. రైమోల్డ్ చుట్టు పూర్తిచేసి హోమ్ చేరాడు, బోస్టన్ ఓడింది. 4-3.

మూడు నిమిషాలు తిరిగాయో లేదో, ఫ్లోరిడాలో ఇంకో మ్యాచ్ ముగిసింది. యాంకీస్ చేతిలో 0-7తో వెనకబడి, తొమ్మిదో ఇన్నింగ్స్‌లో చివరి అవుట్ దగ్గర స్కోరు సమం చేసిన టాంపా బే రేస్, అదనంగా సాగిన 12వ ఇన్నింగ్స్‌లో ఎవాన్ లాంగోరియా హోమ్ రన్‌తో (క్రికెట్‌లో సిక్సర్‌లాంటిది) 8-7తో గెలిచింది. 162 మ్యాచ్‌ల సీజన్ అయిపోయింది. రేస్‌కి 91 గెలుపులు, బోస్టన్‌కి 90. సీజన్ తర్వాత కప్పు కోసం ఆడే ప్లేఆఫ్స్‌కి రేస్ వెళ్లింది. ఇంకో రెండు రోజులకి బోస్టన్ మేనేజర్ టెర్రీ ఫ్రాంకోనా ఉద్యోగం పోయింది.

ఈ ఫ్రాంకోనా మామూలోడు కాదు. 86 ఏళ్ల పాటు వరల్డ్ సిరీస్ (ఆఖరి పోటీ) గెలవని బోస్టన్‌కి 2004లో, వచ్చిన మొదటి ఏడాదే, కప్పు తెచ్చిపెట్టాడు. 2007లో ఇంకోటి. అలాంటివాడు ఆగస్టు ఆఖరికి 83 గెలుపులు, 52 ఓటములతో ఉన్న జట్టుని సెప్టెంబర్‌లో 7 గెలుపులు, 20 ఓటములకి దించాడు. ఆ నెలలో వరసగా రెండు మ్యాచ్‌లు ఒక్కసారి కూడా గెలవలేదు. రేస్ మీద తొమ్మిది మ్యాచ్‌ల ఆధిక్యం కరిగిపోయింది. ‘దించాడు’ అని నోటికి ఎంత తేలిగ్గా వచ్చేసిందో చూడండి. అసలు దించింది అతనేనా అన్నదే ఇక్కడి ప్రశ్న.

క్రికెట్ చూసి పెరిగిన మనకి బేస్‌బాల్ మేనేజర్ అంటే ఎవరో ముందు కుదురుగా చెప్పుకోవాలి. క్రికెట్‌లో కెప్టెన్ చేసే పనీ, కోచ్ చేసే పనీ కలిపి ఒకే మనిషి చేతిలో పెడితే అతనే మేనేజర్. వయసు ఎంతైనా ఆటగాళ్లలాగే జెర్సీ వేసుకుని డగౌట్‌లో ఉంటాడు. బ్యాటింగ్ ఆర్డర్ రాసేది అతను. పిచ్చర్ అలిసిపోయాడనిపిస్తే గ్రౌండ్ మధ్యకి నడిచి వెళ్లి బంతి చేతిలోంచి తీసుకునేదీ అతనే. అలా తీసేసిన పిచ్చర్ ఆ మ్యాచ్‌లో మళ్లీ రాలేడు, కాబట్టి తొందరపడినా తప్పే, ఆలస్యం చేసినా తప్పే. కానీ ఆటగాళ్లని కొనేది, అమ్మేది అతను కాదు. ఆ పని జనరల్ మేనేజర్‌ది. అప్పటి బోస్టన్‌లో అది థియో ఎప్‌స్టీన్. వంటవాడు వేరు, సరుకులు తెచ్చేవాడు వేరు.

ఇంకో ముఖ్యమైన తేడా ఉంది. ఆరు నెలల్లో 162 మ్యాచ్‌లంటే దాదాపు రోజుకొకటి. మ్యాచ్ మొదలుపెట్టే స్టార్టింగ్ పిచ్చర్ ఒక మ్యాచ్ ఆడితే మళ్లీ అయిదో రోజుకి గానీ చెయ్యి తిరగదు. కాబట్టి మేనేజర్ అసలు పని ఎత్తులు, పైఎత్తులు కాదు. చేతుల్ని పొదుపుగా వాడటం. ఏ చెయ్యి ఎప్పుడు వాడాలి, ఏది దాచుకోవాలి, ఏప్రిల్‌లో ఖర్చు పెట్టినది సెప్టెంబర్‌కి మిగులుతుందా? నెల జీతంతో ఇల్లు నడిపేవాళ్లకి ఈ లెక్క వేరే చెప్పక్కర్లేదు.

ఆ లెక్కలో 2011 బోస్టన్ పరిస్థితి చూద్దాం. క్లే బక్‌హోల్ట్స్ వెన్నునొప్పితో జూన్ మధ్యలోనే ఆగిపోయాడు. అదే నెలలో దైసుకే మత్సుజాకా మోచేతికి ఆపరేషన్. జాన్ లాకీ దెబ్బతిన్న మోచేత్తోనే ఏడాదంతా లాక్కొచ్చాడు, సీజన్ అవ్వగానే అతనికీ ఆపరేషనే. ఆ ఏడాది తొమ్మిది ఇన్నింగ్స్‌కి సగటున 6.41 పరుగులు ఇచ్చాడంటే ఇక చెప్పేదేముంది. మిగిలినవాళ్లలో ఒకరు 45 ఏళ్ల టిమ్ వేక్‌ఫీల్డ్. తన 200వ గెలుపు కోసం వారాల తరబడి ప్రయత్నించి, ఎనిమిదో ప్రయత్నంలో సెప్టెంబర్ 13న సాధించాడు. ఇంకొకడు జులైలోనే మొదటి మ్యాచ్ ఆడిన కుర్రాడు కైల్ వైలాండ్. సెప్టెంబర్ మొదట్లో పెద్ద దిక్కు జాష్ బెకెట్ చీలమండ బెణికింది. ఆ నెలలో బోస్టన్ స్టార్టర్లు అందరూ కలిసి ఇచ్చిన సగటు 7.08. ఏడాది మొత్తం మీద అన్ని జట్లకన్నా ఎక్కువ పరుగులు చేసిన జట్టు కూడా, రోజూ ఏడు పరుగులు సమర్పించుకుంటే ఏం చేస్తుంది?

ఇక్కడ ఒక చిన్న లెక్క కాగితం మీద వేసి చూశాను. ఒక జట్టు ప్రతి మ్యాచ్ గెలిచే అవకాశం నూటికి 60 అనుకుందాం. ఆగస్టు దాకా బోస్టన్ దాదాపు అంతే. అలాంటి జట్టు 27 మ్యాచ్‌ల్లో 7 గానీ అంతకన్నా తక్కువ గానీ గెలవడం సుమారు మూడు వేల సార్లలో ఒకసారి జరుగుతుంది. దాదాపు అసాధ్యం కాబట్టి ఎవరో ఏదో చేసుండాలి అనిపిస్తుంది. ఇప్పుడు గాయాల వల్ల ఆ జట్టు నూటికి 50కి పడిపోయిందనుకోండి. అదే ఫలితం వందసార్లలో ఒకసారి వస్తుంది. 30 జట్లు, ఏటా ఒక సెప్టెంబర్. వందలో ఒకటి అంటే ఎక్కడో ఒకచోట అప్పుడప్పుడు జరిగి తీరే సంగతే. ఒక మ్యాచ్‌కీ ఇంకో మ్యాచ్‌కీ సంబంధం లేదనుకుని వేసిన మోటు లెక్క ఇది, నిజం ఇంత శుభ్రంగా ఉండదు. అయినా ఇద్దరు ముగ్గురు పిచ్చర్లు పోతే విపత్తు ముప్ఫై రెట్లు దగ్గరికి వస్తుందన్నది కనబడుతోంది కదా.

అయితే అక్టోబర్ 12న బోస్టన్ గ్లోబ్ పత్రికలో ఒక పెద్ద కథనం వచ్చింది. తాము ఆడని రోజుల్లో స్టార్టింగ్ పిచ్చర్లు బెకెట్, జాన్ లెస్టర్, లాకీ మ్యాచ్ జరుగుతుండగానే లోపల క్లబ్‌హౌస్‌లో కూర్చుని బీరు తాగుతూ, వేయించిన చికెన్ తింటూ, వీడియో గేములు ఆడుకున్నారని. బయట తోటివాళ్లు ఓడిపోతుంటే లోపల చికెన్! దాంతో ఊరు ఊరంతా భగ్గుమంది. ఫ్రాంకోనాకి జట్టు మీద పట్టు పోయిందన్నారు. అతని సొంత జీవితం సంగతులు కూడా ఆ కథనంలోకి ఎక్కాయి. నన్నడిగితే అది అన్యాయం, మనిషిని పంపేశాక వీపు మీద రాయి విసరడం.

చికెన్ సంగతి మాత్రం కొట్టిపారేయలేం. లెస్టర్ తర్వాత బీరు మాట ఒప్పుకున్నాడు కూడా. కానీ ఆ అలవాటు సరిగ్గా సెప్టెంబర్ 1నే మొదలైందని ఎవరూ చెప్పలేదు. సీజన్‌ని 2 గెలుపులు, 10 ఓటములతో మొదలుపెట్టిన ఈ జట్టే ఆ తర్వాత ఆగస్టు ఆఖరు దాకా 81 గెలిచి 42 ఓడింది. అప్పుడు ఎవరూ ఫ్రిజ్ తలుపు తీసి చూడలేదు. 2004 కప్పు సంగతే తీసుకోండి. యాంకీస్ చేతిలో 0-3తో వెనకబడి వరసగా నాలుగు గెలిచిన ఆ సిరీస్‌లో, మ్యాచ్‌కి ముందు అందరం ఒక గుక్క విస్కీ వేసుకున్నామని ఆటగాడు కెవిన్ మిల్లార్ తర్వాత చెప్పాడు. జనం అది విని మురిసిపోయారు. గెలిచినవాడి విస్కీ సరదా, ఓడినవాడి బీరు పాపం. ఫ్రాంకోనా పద్ధతి రెండుసార్లూ ఒకటే: పెద్దవాళ్లని పెద్దవాళ్లలా వదిలేయడం, కేకలు వేయకపోవడం. 2004లో దాన్ని ఆటగాళ్ల మీద నమ్మకం అన్నారు, 2011లో చేతకానితనం అన్నారు.

అలాగని అతని తప్పేం లేదని నేననను. పద్ధతి ఒకటే అయినా మనుషులు మారారు. 2010 దాకా పిచ్చింగ్ కోచ్‌గా ఉండి పిచ్చర్ల బాగోగులు చూసిన జాన్ ఫారెల్ టొరాంటోకి మేనేజర్‌గా వెళ్లిపోయాడు. కప్పులు గెలిచి, పెద్ద కాంట్రాక్టులు చేతికొచ్చిన ఆటగాళ్లకి పాత చనువే ఇస్తే అది వదులుతనం అవుతుంది. ఆ మార్పు కనిపెట్టాల్సినవాడు మేనేజరే. ఈ జట్టుకి కొత్త గొంతు కావాలేమో అని పోతూ పోతూ ఫ్రాంకోనాయే అన్నాడు. లెస్టర్, బెకెట్ ఆఖరి వారాల్లో అలిసిపోవడానికి ఆ వదులుతనం ఎంత కారణమో, ఆరు నెలల భారం ఎంత కారణమో విడదీసి చూపించే తూకం ఎవరి దగ్గరా లేదు. ఆఖరి రాత్రి నిర్ణయాల్లో మాత్రం వంక పెట్టడానికి నాకేం దొరకలేదు. లెస్టర్‌ని ఒకరోజు తక్కువ విశ్రాంతితో ఆడించాడు, అతను ఆరు ఇన్నింగ్స్ వేసి రెండే పరుగులు ఇచ్చాడు. చివర్లో పాపెల్‌బన్‌ని పెట్టాడు. ఎవరైనా అదే చేస్తారు.

ఇంకోటి కూడా గమనించాలి. ఒక్క మ్యాచ్ తేడాతో పోయినప్పుడు 72 ఓటముల్లో ప్రతి ఒక్కటీ కారణమే. ఏప్రిల్‌లో వరసగా మొదటి ఆరు మ్యాచ్‌లు ఓడారు. అందులో ఒకటి గెలిచినా రేస్‌తో సమానంగా నిలిచి ఇంకో మ్యాచ్ ఆడేవారు. ఏప్రిల్ ఓటమికీ సెప్టెంబర్ ఓటమికీ పట్టికలో బరువు ఒకటే, మన జ్ఞాపకంలో కాదు. పైగా రేస్ ఆ నెలలో 17 గెలిచి 10 ఓడింది. బోస్టన్‌ని ఏడుసార్లు ఎదుర్కొని ఆరుసార్లు ఓడించింది. అవతలివాడు పరిగెత్తాడన్న మాట కూలిపోయిన కథల్లో ఎప్పుడూ మరుగున పడిపోతుంది.

విచిత్రమేంటంటే, అదే రాత్రి ఇంకో జట్టు కూడా అచ్చంగా ఇలాగే కూలింది. అట్లాంటా బ్రేవ్స్. సెప్టెంబర్ మొదట్లో సెయింట్ లూయిస్ కార్డినల్స్ మీద ఎనిమిదిన్నర మ్యాచ్‌ల ఆధిక్యం (ఆడిన మ్యాచ్‌లు సమానం కానప్పుడు ఇలా అర లెక్క వస్తుంది). నెలంతా 9 గెలిచి 18 ఓడి, ఆఖరి రాత్రి 13 ఇన్నింగ్స్ ఆడి 4-3తో ఓడి, ఒక్క మ్యాచ్ తేడాతో ఇంటికెళ్లారు. వీళ్లని దాటి లోపలికొచ్చిన కార్డినల్స్ ఏకంగా వరల్డ్ సిరీసే గెలిచింది.

బ్రేవ్స్ మేనేజర్ ఫ్రెడీ గొన్జాలెజ్ మీద నేరం చికెన్, బీరులాంటి కథ కాదు, కళ్లకి కనబడే అంకె. ఆఖరి ఇన్నింగ్స్‌లు వేసే ముగ్గురు రిలీవర్లలో జానీ వెంటర్స్ 85 మ్యాచ్‌ల్లో, క్రెయిగ్ కింబ్రెల్ 79లో, ఎరిక్ ఓఫ్లాహెర్టీ 78లో బంతి వేశారు. అంటే ముగ్గురూ ఇంచుమించు రోజు విడిచి రోజు. స్టార్టర్లు టామీ హాన్సన్, జైర్ జుర్జెన్స్ గాయపడ్డారు, మ్యాచ్‌లన్నీ ఒకటి రెండు పరుగుల తేడాతో నడిచాయి, కాబట్టి వేరే దారి లేదన్నది అతని తరఫు వాదన. కొంత నిజమే. కానీ అవసరం లేని రోజున కూడా అదే ముగ్గురి వైపు చెయ్యి వెళ్లడం అలవాటైపోయిందన్న విమర్శ సీజన్ మధ్యలోనే వినబడింది. ఆ ఏడాది 46 సేవ్‌లతో (ఆధిక్యాన్ని చివరిదాకా కాపాడిన మ్యాచ్‌లు) కొత్త ఆటగాళ్ల రికార్డు బద్దలు కొట్టిన కింబ్రెలే ఆఖరి రాత్రి తొమ్మిదో ఇన్నింగ్స్‌లో 3-2 ఆధిక్యాన్ని నిలబెట్టలేకపోయాడు. మోచేతి ఆపరేషన్ల పాలైన వెంటర్స్ 2012 తర్వాత పెద్ద లీగ్‌లో మళ్లీ కనబడింది 2018లోనే. దానికి కారణం ఆ 85 మ్యాచ్‌లే అని తేల్చి చెప్పలేం గానీ, అనుమానించకుండా ఉండలేం.

మరి గొన్జాలెజ్‌కి ఏమైంది? ఏమీ కాలేదు. పోయింది హిట్టింగ్ కోచ్ లారీ పారిష్ ఉద్యోగం. అత్త మీద కోపం దుత్త మీద చూపించడం అంటే ఇదే. నా తూకంలో మేనేజర్ వాటా ఎక్కువగా ఉన్న కూలుడు అట్లాంటాది, మేనేజర్‌ని పంపేసింది బోస్టన్. అట్లాంటాలో అది గొన్జాలెజ్‌కి మొదటి ఏడాది, బోస్టన్‌లో ఫ్రాంకోనాకి ఎనిమిదోది. శిక్ష తప్పుని బట్టి కాక, జనం ఎంతకాలంగా ఆ ముఖం చూస్తున్నారన్నదాన్ని బట్టి పడిందనిపిస్తుంది.

మేనేజర్ తప్పు నిజంగా ఎలా ఉంటుందో చూడాలంటే 1964కి వెళ్లాలి. ఫిలడెల్ఫియా ఫిలీస్, మేనేజర్ జీన్ మాక్. ఇంకా 12 మ్యాచ్‌లున్నాయి, ఆరున్నర మ్యాచ్‌ల ఆధిక్యం. సెప్టెంబర్ 21న సిన్సినాటితో ఆట, ఆరో ఇన్నింగ్స్, 0-0. బ్యాట్ పట్టుకుని నిలబడింది ఫ్రాంక్ రాబిన్సన్ అంతటివాడు. మూడో బేస్ మీదున్న చికో రూయిజ్ ఉన్నట్టుండి హోమ్‌కి పరుగు లంకించుకున్నాడు. రాబిన్సన్ లాంటి బ్యాటర్ ముందుండగా ఎవడూ చెయ్యని పిచ్చి పని. కంగారులో పిచ్చర్ ఆర్ట్ మహాఫీ బంతి పక్కకి విసిరాడు. ఆ ఒక్క పరుగుతోనే ఫిలీస్ 1-0తో ఓడింది. మాక్‌కి టెన్షన్ పట్టుకుంది.

అక్కడి నుంచి అతను ఇద్దరే ఇద్దరి మీద భారం వేశాడు. క్రిస్ షార్ట్‌ని 22న, 25న, 28న. జిమ్ బన్నింగ్‌ని 24న, 27న, 30న. ఒక్కొక్కరికీ మధ్యలో రెండేసి రోజులే విశ్రాంతి. మామూలుగా ఆ రోజుల్లో మూడు రోజులు ఇచ్చేవారు. వరసగా పది ఓటములు. ఆ పదిలో ఆరు ఈ ఇద్దరూ మొదలుపెట్టినవే. ఆ తర్వాత షెడ్యూల్‌లో ఖాళీలు వచ్చి ఇద్దరికీ ఒక్కరోజు ఎక్కువ దొరికింది. అక్టోబర్ 2న షార్ట్ మొదలుపెట్టిన మ్యాచ్ గెలిచారు, 4న బన్నింగ్ మ్యాచ్ 10-0తో గెలిచారు. అప్పటికి కార్డినల్స్ 93 గెలుపులతో దాటిపోయింది. ఫిలీస్ 92 దగ్గర ఆగింది.

మాక్‌కీ సాకులున్నాయి. రే కల్ప్ మోచెయ్యి పనిచేయడం లేదు, డెనిస్ బెన్నెట్ భుజం నొప్పితో ఆడుతున్నాడు. కానీ 21న ఒక్క పరుగే ఇచ్చిన మహాఫీ చేతిలో ఉన్నాడు. ఆరున్నర మ్యాచ్‌ల ఆధిక్యం ఉన్నవాడు ఒకటి రెండు ఓడినా ఫరవాలేదనుకుని నిదానంగా ఉండొచ్చు. ఇక్కడ నిర్ణయం ఉంది, దానికి ప్రత్యామ్నాయం ఉంది, తీసుకున్న రోజే అది తప్పని చెప్పగల ఆధారం ఉంది. ఈ మూడూ కలిస్తేనే మేనేజర్‌ని నిలదీయాలి. ఫ్రాంకోనా విషయంలో మొదటిదే మసక. గొన్జాలెజ్ విషయంలో రెండోది సగం. ఇంతా చేసి మాక్ ఉద్యోగం కూడా అప్పుడు పోలేదు, 1968 దాకా అక్కడే ఉన్నాడు. 1964లో కప్పు గెలిచిన కార్డినల్స్ మేనేజర్ జానీ కీన్ మాత్రం, సీజన్ మధ్యలో తనని పీకేస్తారన్న మాట విని ఉన్నాడేమో, గెలిచిన వెంటనే రాజీనామా చేసి యాంకీస్‌కి వెళ్లిపోయాడు.

ఇది మనకీ తెలియని రోగం కాదు. 2025లో ఇంగ్లండ్‌లో బుమ్రాని మూడు టెస్టులకే పరిమితం చేస్తే తిట్టినవాళ్లు ఎందరో. మన హైదరాబాద్ సిరాజ్ అయిదు టెస్టులూ ఆడి ఓవల్‌లో ఆరు పరుగుల తేడాతో గెలిపిస్తే వీరుడన్నాం. ఆ ఆరు పరుగులు అటైతే, మనిషిని అరగదీశారని కోచ్ మీద పడేవాళ్లం.

ఫ్రాంకోనాని పంపేశాక బోస్టన్ క్రమశిక్షణ కావాలని బాబీ వాలెంటైన్‌ని తెచ్చుకుంది. 2012లో 69 గెలుపులు, 93 ఓటములు, చివరి స్థానం. 2011లో తమని ముంచిన బాల్టిమోర్ ఆ ఏడాది సాధించిన అంకె కూడా సరిగ్గా అదే. బెకెట్‌ని, క్రాఫర్డ్‌ని డాడ్జర్స్‌కి ఇచ్చేశారు. 2013లో పాత పిచ్చింగ్ కోచ్ ఫారెల్ మేనేజర్‌గా తిరిగొచ్చాడు, కప్పొచ్చింది. ఆ వరల్డ్ సిరీస్‌లో లెస్టర్ రెండు మ్యాచ్‌లు, లాకీ ఆఖరి మ్యాచ్ గెలిచారు. చికెన్ తిన్నది వీళ్లే.

ఫ్రాంకోనా 2013లో క్లీవ్‌లాండ్ వెళ్లాడు. ముందు ఏడాది 68 గెలిచిన జట్టు 92 గెలిచింది. 2016లో వరల్డ్ సిరీస్‌కి చేరింది. అవతల చికాగో కబ్స్, ఆ జట్టుని కట్టింది బోస్టన్‌లో అతని పాత జోడీ ఎప్‌స్టీన్. ఫ్రాంకోనా స్టార్టర్లలో కార్లోస్ కరాస్కోకి చెయ్యి విరిగింది, డానీ సలజార్ గాయంతో ఉన్నాడు. మిగిలింది ముగ్గురు. అప్పుడతను 1964లో మాక్ చేసిన పనికి దగ్గరగా వెళ్లాడు. కోరీ క్లూబర్‌ని మొదటి, నాలుగో, ఏడో మ్యాచ్‌ల్లో ఆడించాడు, మధ్యలో మూడేసి రోజులే విశ్రాంతి. 3-1తో ముందున్న క్లీవ్‌లాండ్ వరసగా మూడు ఓడి కప్పు పోగొట్టుకుంది. ఏడో మ్యాచ్‌లో క్లూబర్ ఒక్కరిని కూడా స్ట్రైకౌట్ చేయలేకపోయాడు. ఆ రాత్రి కూడా వాన పడింది, 17 నిమిషాలు ఆట ఆగింది, ఆగి మొదలయ్యాకే కబ్స్ గెలిచింది.

ఈసారి ఎవరూ ఫ్రాంకోనాని తిట్టలేదు. ఉన్న మూడు చేతులతో అంతదూరం లాక్కొచ్చాడని మెచ్చుకున్నారు. రెండు వారాల తర్వాత అమెరికన్ లీగ్ ఉత్తమ మేనేజర్ అవార్డు అతనికే ఇచ్చారు. ఓట్లు ప్లేఆఫ్స్‌కి ముందే పడ్డాయి కాబట్టి అది వేరే లెక్క అనుకోండి.